సంవత్సరములు తిరిగివచ్చును; మనము పెరిగితిమా?

ఉగాదినాడు వేపపూత పచ్చడి సేవించి, ఆలయ మండపమున కూర్చుండి పంచాంగశ్రవణము చేయుట మన పెద్దలు ఏర్పరచిన ఆచారము. ఆనాడు పురోహితుడు మొట్టమొదట ఉచ్చరించునది క్రొత్త సంవత్సరము పేరు. ప్రభవ మొదలు అక్షయ వరకు అరువది పేర్లు గలవు. అరువదియు గడచిన పిమ్మట మరల ప్రభవయే వచ్చును. మానవుడు అరువదియేండ్లు జీవించినచో తాను పుట్టిన సంవత్సరము పేరును మరల వినగలుగును. ఆ సమయమున షష్టిపూర్తి యను శాంతికర్మను బంధుమిత్రుల నడుమ జరుపుకొనుట మన కుటుంబములలో వాడుక.

1953లో ఉగాది దాటిన పిమ్మట పుట్టినవాడు విజయనామ సంవత్సరమున పుట్టెను. 2013లో అతనికి ఆ విజయయే మరల ఎదురువచ్చెను. సంవత్సరము తన పేరు మార్చుకొనక తిరిగివచ్చినది. దానిని ఎదుర్కొన్న మనిషి మాత్రము మారినాడు. తల నెరసినది, చూపు తగ్గినది, మనుమలు ఒడిలోనికి వచ్చిరి. ఇవన్నియు పైకి కనబడు మార్పులు. లోపల ఏమి మారినది? ఇరువదవయేట ఉన్న కోపము అరువదవయేట తగ్గినదా? ముప్పదవయేట ఒకనిపై పెంచుకొన్న పగ నేటికిని ఆరినదా? భగవంతునియెడ భక్తి పెరిగినదా, లేక అలవాటు మాత్రమే పెరిగినదా?

తల నెరయుటకు మన ప్రయత్నము అక్కరలేదు. ఆ పనిని కాలమే చేసిపెట్టును. మనస్సు పండుటకు మాత్రము కాలమొక్కటే చాలునా? ఈ ప్రశ్నకు శాస్త్రమునందు సమాధానము గలదు, చరిత్రయందును గలదు. వంశధార, నాగావళి, చంపావతి నదులు పారు శ్రీకాకుళ విజయనగర ప్రాంతములు, వానికి చేరువనున్న సింహగిరి పరిసరములు ఈ సమాధానమును రాళ్లపై వ్రాసి మనకై దాచియుంచినవి. దానిని చదువుకొనుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

కాలము ఎవరి సొత్తు?

కురుక్షేత్రమున విశ్వరూపమును చూచి భయకంపితుడైన అర్జునుడు "నీవెవ్వడవు?" అని అడిగినప్పుడు, తాను కాలమునని భగవంతుడు చెప్పినట్లు గీత పదునొకండవ అధ్యాయమున గలదు. కాలము మన చేతిలోని వస్తువు కాదు. మనము కాలమును గడుపుచున్నామని చెప్పుకొందుము గాని, నిజమునకు కాలమే మనలను గడుపుచున్నది.

విశిష్టాద్వైత సంప్రదాయమున ఆచార్యులు ఈ విషయమును మరింత సూక్ష్మముగా విచారించిరి. చిత్తు, అచిత్తు, ఈశ్వరుడు అను మూడు తత్త్వములలో కాలమును అచిత్తునందు చేర్చిరి. అందును దానికి సత్త్వశూన్యమని పేరిడిరి. అనగా సత్త్వరజస్తమో గుణములు మూడును దానియందు లేవు. శుద్ధసత్త్వమైన పరమపదమున కాలముయొక్క ఏలుబడి సాగదనియు చెప్పిరి. ఇది పండితులకు మాత్రమే సంబంధించిన విభాగమని మనము తోసివేయరాదు. దీనిలో గృహస్థునకు పనికివచ్చు గొప్ప మాట ఉన్నది. గుణములు లేని కాలము తనంతట మంచిది కాజాలదు, చెడ్డదియు కాజాలదు. అది భగవంతుని శరీరమై, ఆయన సంకల్పమునకు లోబడి నడచుచు, జీవుడు తన కర్మను చేయుటకు చోటిచ్చును. ఆ చోటిలో మనమేమి నాటితిమో అదియే మొలచును.

కావున "రోజులు బాగుగా లేవు" అని కాలమును నిందించుటయు, "రోజులు గడచిన అన్నియు సర్దుకొనును" అని కాలముపై భారము మోపుటయు రెండును పొరపాట్లే. ఖాళీ పొలము ఎంతకాలమున్నను దానంతట వరి పండదు. కలుపు మాత్రము దానంతటనే పెరుగును.

పేరొకటి, ఫలమొకటి

సంవత్సరముల పేర్లనే తీసికొందము. నందన యనగా ఆనందపరచునది. 1832లో ప్రారంభమైన నందననామ సంవత్సరమున గుంటూరు ప్రాంతమును పీడించిన ఘోరక్షామమును తెలుగువారు "నందన కరువు" అనియే పిలిచిరి. ధాత యనగా పోషించువాడు. 1876లో వచ్చిన ధాతనామ సంవత్సరమున దక్షిణదేశమెల్ల ఆకలికి అల్లాడెను. దానికి "ధాత కరువు" అని పేరు నిలిచెను. అక్షయ యనగా తరుగులేనిది. 1866లో ఆ పేరుగల సంవత్సరముననే ఒరిస్సాను, ఆనాడు శ్రీకాకుళము కూడ చేరియున్న గంజాం జిల్లాను మహాక్షామము కబళించెను. గాదెలలో తరుగులేనిది శూన్యమొక్కటే ఆయెను. జయనామ సంవత్సరమున, 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను వచ్చి విశాఖ, విజయనగర, శ్రీకాకుళ జిల్లాలను అతలాకుతలము చేసెను.

ఇంతమాత్రమున పంచాంగము వ్యర్థమని భావింపరాదు. ఏకాదశి ఎప్పుడో, శ్రవణ నక్షత్రమెప్పుడో, ఏ దినమున ఏ వ్రతమో తెలిపి మన జీవితమునకు క్రమము నేర్పునది పంచాంగము. అది చెప్పునది భగవదారాధనకు తగిన సమయమును. ఆ సమయమును వినియోగించు బాధ్యతను మాత్రము మనకే విడిచిపెట్టినది. పేరు వినినంతమాత్రమున ఫలము లభించునని ఎక్కడను చెప్పలేదు. విజయ వచ్చినందువలన ఎవరును గెలువలేదు, ఆనంద వచ్చినందువలన ఎవరును సుఖింపలేదు. ఈ మాటకు మన ప్రాంతపు చరిత్రయే సాక్షి.

గెలుపును తిరిగి ఇచ్చినవారు

ఉత్తరాంధ్రము ప్రాచీన కళింగమునందలి భాగము. క్రీస్తునకు పూర్వము 261 ప్రాంతమున అశోకుడు కళింగమును జయించెను. ఆ యుద్ధమున లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమందిని చెరగొనిపోయిరనియు, అంతకు ఎన్నో రెట్లు జనులు నశించిరనియు అశోకుడే తన పదుమూడవ శిలాశాసనమున చెప్పుకొని, అందుకు తాను దుఃఖించుచున్నానని ప్రకటించెను. గెలిచిన రాజు తన గెలుపునకు దుఃఖించి ఆ దుఃఖమును రాతిపై చెక్కించుట లోకచరిత్రలో అరుదైన సంగతి.

దీనికన్న గమనింపదగిన విశేషము మరియొకటి గలదు. ఆ పదుమూడవ శాసనమును కళింగదేశమున వేయింపలేదు. ధౌలిలోను, గంజాం ప్రాంతమునందలి జౌగడలోను ఆ స్థానమున వేరు శాసనములు చెక్కించెను. వానిలో యుద్ధపు లెక్కలు లేవు. ప్రజలందరు తన బిడ్డలని చెప్పి, అసూయ, కోపము, క్రూరత్వము, తొందరపాటు, సోమరితనము మున్నగు దోషములు తమలో పుట్టకుండ చూచుకొనవలెనని తన అధికారులకు ఆజ్ఞాపించెను. దెబ్బతిన్నవాని యెదుట తన గెలుపును చదివి వినిపింపరాదని అశోకునకు తోచినట్లున్నది. కాలము గడచుట వలన వచ్చిన మార్పు కాదది. ఒక ఘోరమును తనదిగా ఒప్పుకొని, తలవంచి, తన నడవడిని తానే దిద్దుకొనుట వలన వచ్చిన మార్పు. పెరుగుదల యనిన ఇదియే.

పిమ్మట దాదాపు పదునెనిమిది వందల యేండ్లకు విజయనగర సామ్రాజ్యాధిపతి శ్రీకృష్ణదేవరాయలు గజపతి ప్రతాపరుద్రునిపై దండెత్తి సింహాచలము వరకు వచ్చెను. 1516లో సింహాద్రినాథుని సేవించి హారములు, ఆభరణములు సమర్పించినట్లు అక్కడి శాసనములు తెలుపుచున్నవి. పొట్నూరులో జయస్తంభమును నాటించెను. తరువాత ప్రతాపరుద్రునితో సంధి కుదిరెను. గజపతి తన కుమార్తెను రాయలకిచ్చి వివాహము చేసెను. కృష్ణానదికి ఉత్తరమున జయించిన భూమినంతయు రాయలు గజపతికి తిరిగి ఇచ్చివేసెను.

విచారించి చూడుడు. ఎంతో రక్తము చిందించి గెలిచిన భూమి కొద్దియేండ్లకే చేయిదాటిపోయెను. స్వామికి సమర్పించినది మాత్రము అయిదువందల యేండ్లు దాటినను రాయలు పేరుతోనే నిలిచియున్నది. పట్టుకొన్నది పోయినది, ఇచ్చినది నిలిచినది. కాలము పాటించు ఈ న్యాయమును మనము మరల మరల చూడబోవుచున్నాము.

రెండు కోటలు, ఒక పగ

విజయనగరపు కోటకు 1713లో శంకుస్థాపన జరిగెను. అది విజయనామ సంవత్సరము. విజయదశమి పర్వమున, జయవారమని పేరుగల మంగళవారమున ముహూర్తము పెట్టిరనియు, సంస్థాపకుని పేరున, ఊరి పేరున కూడ విజయమే ఉన్నదనియు, ఇట్లు అయిదు విజయములు కలిసివచ్చినవనియు స్థానికులు తరతరములుగా చెప్పుకొందురు. ఒక కోటకు ఇంతకంటె మంచి ముహూర్తము దొరకునా?

దానికి ఉత్తరమున కొన్ని క్రోసుల దూరమున బొబ్బిలి కోట యుండెను. పూసపాటివారు సింహాచల దేవస్థానమునకు వంశపారంపర్య ధర్మకర్తలైరి. బొబ్బిలి ప్రభువుల కులదైవము వేణుగోపాలస్వామి. ఇరువురును హరిని కొలిచిన కుటుంబములే. ఇరువురి యిండ్లలోను శంఖధ్వని వినబడినదే, తులసి తీర్థము పుచ్చుకొన్నదే. ఐనను ఇరువురి నడుమ పగ పెరిగినది. నీటి తగాదాలు, సరిహద్దు తగాదాలు, పరువు తగాదాలు తరతరములకు సంక్రమించినవి.

1757 జనవరి 24వ తేదీని, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను వెంటబెట్టుకొని పెద విజయరామరాజు బొబ్బిలి కోటను ముట్టడించెను. అది ధాతనామ సంవత్సరము. కోట నిలువదని తెలిసినప్పుడు, శత్రువుల చేత చిక్కరాదని స్త్రీలను పిల్లలను తమవారే సంహరించిరి, ఇండ్లు అంటుకొనెను. బొబ్బిలి ప్రభువైన రంగారావు యుద్ధమున మరణించెను. మూడు రాత్రులు గడువకమునుపే తాండ్ర పాపారాయుడు శత్రుశిబిరమున చొరబడి విజయరామరాజును గుడారముననే పొడిచి చంపి, తానును మరణించెను. గెలిచినవాడును లేడు, ఓడినవాడును లేడు. రంగారావు కుమారుడైన ఒక బాలుడు మాత్రము ఆ అగ్నినుండి ప్రాణములతో బయటపడెను.

ముప్పదియేడేండ్లు గడచినవి. 1794 జూలై 10వ తేదీని, ఆనందనామ సంవత్సరమున, చిన విజయరామరాజు పద్మనాభము వద్ద ఈస్టిండియా కంపెనీ సేనను ఎదిరించి నేలకొరిగెను. కొండపై అనంతపద్మనాభస్వామి కొలువైయుండగా, ఆ కొండ పాదముననే రాజును, ఆయనను వీడని ఎందరో వీరులును అసువులు బాసిరి. ఆనాడు వచ్చినవారు ఫ్రెంచివారు కారు, ఆంగ్లేయులు. ఐనను బయటివాని ఫిరంగిని పొరుగింటిపైకి త్రిప్పుట నేర్చిన నేలలో, ఫిరంగి ఎప్పటికైనను తన యింటివైపునకు తిరుగకపోదు. బొబ్బిలి కాలిననాడు ఇరువదియేండ్ల వయస్సున్న వ్యక్తి పద్మనాభము నాటికి ఏబదియేడేండ్లవాడు. ఒక్క మనిషి ఆయుర్దాయములో రెండు చితులును రగిలినవి.

ఈ కథను బొబ్బిలివారినో విజయనగరమువారినో నిందించుటకై చెప్పలేదు. రెండువైపులను శౌర్యమున్నది, త్యాగమున్నది; జనులు నేటికిని ఆ వీరులను పాడుకొనుచున్నారు. మనము భయపడవలసిన సంగతి వేరొకటి గలదు. హరిభక్తి ఇరువురి యిండ్లలోను ఉన్నది. అది పగను ఆపలేకపోయినది. ఎందువలన? పూజామందిరపు గడప దాటి ఆ భక్తి సరిహద్దు గట్టు వరకు రాలేదు. స్వామికి పూలనిచ్చిరి, ధూపమునిచ్చిరి, నైవేద్యమునిచ్చిరి. పగను మాత్రము తమ దగ్గరనే ఉంచుకొనిరి. ప్రతి గృహస్థుడును ఈ మాటను తన యింటికి అన్వయించుకొని చూచుకొనవలెను.

కోట పాఠశాల యైనది

ఇంతటితో ఆగినచో చరిత్ర నిరాశనే మిగిల్చును. కాని కాలము ఇంకను నడచినది. విజయనగరమున 1919లో సంగీతమునకై ఒక పాఠశాల వెలసినది. దాని పేరు విజయరామ గాన పాఠశాల. అజ్జాడలో 1864లో జన్మించి హరికథా పితామహుడని కీర్తిగాంచిన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. వారి పిమ్మట ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పదవినధిష్ఠించిరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అచ్చటనే సంగీతము నేర్చిరి. ఏ పేరుగల రాజు ఒకనాడు గుడారమున హతుడాయెనో, ఏ పేరుగల రాజు మరియొకనాడు కొండపాదమున నేలకొరిగెనో, ఆ విజయరామ నామము ఈసారి నాదబ్రహ్మకు ద్వారమాయెను.

1958లో పూసపాటి విజయరామ గజపతిరాజుగారు తమ తండ్రిగారి పేరిట మాన్సాస్ యను విద్యాసంస్థను నెలకొల్పి, వంశపారంపర్యముగా వచ్చిన ఆ కోటనే విద్యకై సమర్పించిరి. అయిదు విజయముల ముహూర్తమున యుద్ధమునకై కట్టిన గోడల నడుమ నేడు పిల్లలు పుస్తకములు చేతబట్టి తిరుగుచున్నారు. 1713లో ముహూర్తమున కోరిన విజయము రెండువందల నలువదియైదేండ్లకు, ఇచ్చివేసిననాడు, నిజమాయెనని మనము చెప్పుకొనవచ్చును.

ఇచ్చట గమనింపవలసినది సూక్ష్మముగా నున్నది. వంశము పేరు మారలేదు. కోట గోడలు మారలేదు. సంవత్సరచక్రము యథాప్రకారముగా తిరుగుచునే యున్నది. మారినది ఒక్కటే. పట్టుకొనియున్న పిడికిలి విప్పుకొన్నది.

శ్రీకూర్మపు స్తంభములు చెప్పునది

శ్రీకాకుళమునకు చేరువనున్న శ్రీకూర్మక్షేత్రమునకు వెళ్లిన యాత్రికులు పడమటి ముఖముగా నున్న స్వామిని, తూర్పుపడమరలనున్న రెండు ధ్వజస్తంభములను చూచి ఆశ్చర్యపడుదురు. శ్వేతపుష్కరిణిలో స్నానము చేసి, స్వామిని సేవించి, తాబేళ్లకు ఆకులు పెట్టి వెనుదిరుగుదురు. మండప స్తంభములవైపు చూచువారు తక్కువ. ఆ స్తంభములపై శతాబ్దములనాటి శాసనములు గలవు. గంగరాజుల కాలమున, అటుపిమ్మట, ఎందరో భక్తులు స్వామి సన్నిధిలో అఖండదీపము వెలుగుటకు ఆవులను, భూమిని, ధనమును సమర్పించి ఆ సంగతిని రాతిపై వ్రాయించిరి. మధ్వాచార్యుల శిష్యులైన నరహరితీర్థులు కళింగరాజ్య భారమును వహించి, శ్రీకూర్మమును శత్రువులనుండి రక్షించి, యోగానంద నరసింహస్వామిని ప్రతిష్ఠించినట్లు తెలుపు శాసనము 1281 నాటిది.

ఆ గంగరాజుల రాజధాని కళింగనగరము. అది నేటి ముఖలింగమని చరిత్రకారుల నిర్ణయము. అనంతవర్మ చోడగంగదేవుడు పండ్రెండవ శతాబ్దమున రాజధానిని కటకమునకు మార్చెను. పురుషోత్తమక్షేత్రమున జగన్నాథునకు మహాలయమును కట్టించుటకు పూనుకొనెను. నేడు ముఖలింగమున రాజభవనములు కానరావు. వంశధార ఒడ్డున ఆలయములు మాత్రము నిలిచి, నిత్యపూజలందుకొనుచున్నవి. సింహాసనము ఎచ్చట నుండెనో చెప్పగలవారు లేరు. దీపము ఎచ్చట వెలిగెనో చూపగలవారు కలరు.

ఆ దీపదాతలలో మహారాజులు కలరు, వారి కొలువున చిన్న ఉద్యోగము చేసినవారును కలరు. రాజుకొక స్తంభము, సామాన్యునికొక స్తంభము అను భేదము లేదు. ఒకే మండపము, ఒకే లిపి, ఒకే స్వామి. దీపమునకు నూనె పోసినవాని కులమును వెలుగు అడుగలేదు.

శ్రీకూర్మనాథుని అవతారకథయందే మన ప్రశ్నకు సమాధానమున్నది. దేవాసురులు పాలసముద్రమును చిలుకునప్పుడు మందరపర్వతము ఆధారము లేక మునిగిపోయెను. భగవంతుడు కూర్మమై నీటి అడుగున నిలిచి దానిని మోసెను. పైన త్రాడు లాగినవారికి ఆ వీపు కనబడలేదు. చిలుకగా మొదట వచ్చినది విషము; పిమ్మటనే అమృతము. మానవచరిత్రయు అట్టి చిలుకుటయే. విషము వచ్చిన చోటనే త్రాడు వదలినవారికి అమృతము దక్కదు. అడుగున భగవదాధారము లేక చిలికినవారి కొండ మునిగిపోవును. కాలము త్రాడువంటిది, ముందునకు వెనుకకు లాగబడుచునే యుండును. ఆధారమేదియని వెదకుకొనుట జీవుని పని.

గీతలో స్థితప్రజ్ఞుని లక్షణమును చెప్పుచు భగవంతుడు తాబేటినే ఉదాహరణముగా చూపెను. అది తన అవయవములను లోనికి ముడుచుకొన్నట్లు జ్ఞాని తన ఇంద్రియములను విషయములనుండి మరల్చుకొనును. శ్రీకూర్మమున తాబేటికి ఆకు పెట్టునప్పుడు ఈ మాట స్మరించిన, ఆ ఆకు మనకును ఆహారమగును.

మన యింటి లెక్క

ఎంత కాలము జీవించితిమనునది పెరుగుదలకు కొలత కాదు. గజేంద్రుడు మొసలితో వేయియేండ్లు పోరాడినట్లు భాగవతము చెప్పుచున్నది. ఆ వేయియేండ్లును తన బలమునే నమ్ముకొని గడపెను. అవి అతనికి అలసటను మాత్రమే ఇచ్చినవి. తన బలము చాలదని గ్రహించి మొరపెట్టిన ఒక్క క్షణమే రక్షణను తెచ్చినది. పరీక్షిత్తునకు ఏడు దినములు మిగిలినవి, అవి చాలినవి. ఖట్వాంగునకు ఒక్క ముహూర్తమే మిగిలినది, అదియును చాలినది. వీరికి కాలము తక్కువైనను ఇచ్చివేయుటకు ఆలస్యము లేకపోయెను.

నేడు మనకు రాజ్యములు లేవు, కోటలు లేవు. కాని బొబ్బిలి లేని ఇల్లు ఎచ్చట నున్నది? అన్నదమ్ముల నడుమ జానెడు గట్టు, తోడికోడండ్ర నడుమ ఒక మాట, వియ్యంకుల నడుమ ఒక మర్యాదలోపము. వీనితో పదియేండ్లు, ఇరువదియేండ్లు పలకరింపులు లేని ఇండ్లు ఎన్నియో కలవు. ఆషాఢ పూర్ణిమకు సింహగిరి చుట్టు ముప్పదిరెండు కిలోమీటర్లు కాలినడకన ప్రదక్షిణము చేసినవాడు, ఇల్లు చేరి ప్రక్కవాకిట నిలిచిన తోబుట్టువును చూచి ముఖము త్రిప్పుకొనినచో, అతడు కొండ చుట్టు తిరిగెను గాని తన పగ దాటి ఒక్క అడుగు వేయలేదు.

"నాకు నిజముగానే అన్యాయము జరిగినది. దానినెట్లు మరతును?" అని అడుగువారుందురు. వారి ప్రశ్న న్యాయమైనదే. అన్యాయమును న్యాయమని అంగీకరింపుమని ఏ ఆచార్యుడును చెప్పలేదు. గట్టు మనదైనచో పెద్దల యెదుట చెప్పవచ్చును, న్యాయస్థానమునకును వెళ్లవచ్చును. కాని భూమిని కోరుట వేరు, పగను కోరుట వేరు. భూమి తగాదా తీర్పుతో ముగియును. పగకు తీర్పు లేదు. అది పిల్లలకు వ్రాసిపెట్టని వీలునామాగా సంక్రమించును. మనము అనుభవించిన బాధను మన పిల్లలు చూడనేలేదు. ఐనను ఆ పొరుగింటివైపు చూడకుండుట మాత్రము వారు నేర్చుకొందురు. ఆస్తిని పిల్లలకిచ్చుట ధర్మము. పగను పిల్లలకిచ్చుట ధర్మము కాదు. అది మనతోనే ముగియవలెను. ముగించుటకు శక్తి చాలనిచో ఆ చాలమినే స్వామి పాదములకడ పెట్టవలెను. తనయందేమియు లేదని ఒప్పుకొనుటయే శరణాగతికి మొదటి మెట్టని మన పూర్వాచార్యులు బోధించిరి గదా.

ఇట్టి మార్పు ఒక్కదినమున రాదు. 2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను శ్రీకాకుళపు ఉద్దానమున కొబ్బరితోటలను, జీడితోటలను నేలమట్టము చేసెను. తాతలు నాటిన చెట్లు ఒక్కరాత్రిలో కూలినవి. ఆ నేలలోనే రైతులు మరల మొక్కలు నాటిరి. కొబ్బరి కాపునకు రావలెనన్న ఏండ్లు పట్టును. ఆరవయేడాది, ఏడవయేడాది వచ్చు కాయకై మొదటియేడాదినుండియే నీరు పోయవలెను. కూలుటకు ఒక్కరాత్రి చాలును. పెరుగుటకు మాత్రము దినదినము నీరు కావలెను. మనస్సునకును ఇదియే వ్యవసాయము. కాలము తాను పెంచదు, పెంచదలచినవానికి గడువునిచ్చును.

కావున నిత్యము రాత్రి దీపము కొండెక్కకముందు ఒక్క నిమిషము కూర్చుండి మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు. ఈ దినమున నేను పట్టుకొన్నదేమి, ఇచ్చినదేమి? ఎవరియెడ నా మాట ఫిరంగియైనది? ఏ పని నా బలమని చేసితిని, ఏది స్వామి ఆధారమని చేసితిని? ఈ లెక్కను ఎవరికిని చూపనక్కరలేదు. అరువదియేండ్ల పిమ్మట షష్టిపూర్తినాడు చూచుకొనుటకు వీలుగా ఉంచుకొనిన చాలును. తాబేలు నడకవలె ఆ లెక్క నెమ్మదిగా కదలినను కదలినట్లే.

అరసవల్లిలో మార్చి, అక్టోబరు మాసములందు కొలది దినములు ఉదయకిరణములు గర్భాలయమున ప్రవేశించి సూర్యనారాయణమూర్తి పాదములను తాకును. సూర్యుడు ప్రతిదినమును ఉదయించుచునే యున్నాడు. కాని ద్వారము, కిరణము ఒకే వరుసన నిలిచిననాడే ఆ వెలుగు పాదములు చేరుచున్నది. మన హృదయమున అట్టి ద్వారమును ఏ దినమునైనను తెరచుకొనవచ్చును. దానికి ఉత్తరాయణ దక్షిణాయనముల నియమము లేదు.

విజయనామ సంవత్సరము 2073లో మరల వచ్చును. అప్పటికి మనలో ఎందరుందుమో భగవంతునకే ఎరుక. ఆనాడు మన మనుమలు, మునిమనుమలు పంచాంగము వినుచు పొరుగింటివారి ప్రక్కన చాపపై కూర్చుండునట్లు చేయుట మాత్రము నేడు మన చేతిలోనే యున్నది. పట్టుకొన్నదానిని కాలము కొనిపోవును. సమర్పించినదానిని స్వామి కాపాడును. ఆ సమర్పణబుద్ధిని శ్రీకూర్మనాథుడు మనకందరకు ప్రసాదించుగాక!

శ్రీమన్నారాయణార్పణమస్తు.